కడలిబిడ్డడు డ్యూక్ కహనమోకు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధపురుషుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు రాజులును కవులును దేశభక్తులును నా మనస్సునకు తోచిరి. వారిని గూర్చి నాకంటె చక్కగా వ్రాయగలవారు ఈ సంచికయందే పలువురు కలరు. గ్రామలెక్కలు వ్రాసికొనుచు, తీరిక చిక్కినప్పుడు భారతభాగవతములు తిరుగవేసిన నావంటివానికి వారితో పోటీ ఏల? అదియునుగాక మన బీరువాలలో కవుల చరిత్రములు రెండు అరలు నిండియుండగా, దేహబలమునకు సౌజన్యమును జోడించి లోకమును మెప్పించినవారి చరిత్రములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే యున్నవి. ఎండకాలము రాగానే పుస్తకమును మూసి చెరువునకు పరుగిడు మన పిల్లలకు తమవాడనిపించు వానినొకనిని చూపవలెనని తలచి, పసిఫిక్ మహాసముద్రము నడుమ పుట్టి, నీటియందే కీర్తి గడించి, కడకు నీటియందే కలిసిపోయిన డ్యూక్ కహనమోకును ఎన్నుకొంటిని. నాకు ఈత రాదు. ఆ సంగతి ముందుగా ఒప్పుకొనుట మేలు.

అమెరికా పడమటి తీరమునుండి రమారమి 2,400 మైళ్ళు సముద్రముమీద పోయినచో హవాయి దీవులు కనబడును. అగ్నిపర్వతములు క్రక్కిన రాయి గట్టిపడి యేర్పడిన దీవులవి. అందు ఓఅహు అను దీవియందలి హోనలూలు పట్టణమున 1890 ఆగస్టు 24వ తేదీని డ్యూక్ జన్మించెను. అప్పటికి ఆ దేశము స్వతంత్ర రాజ్యము. కలాకౌవా అను రాజు ఏలుచుండెను. మరుసటి యేటి జనవరిలో ఆయన గతింపగా చెల్లెలు లిలియుఒకలాని రాణి యయ్యెను. బాలునికి ఇంకను మూడేండ్లు నిండకమునుపే, 1893 జనవరిలో, అక్కడ స్థిరపడిన తెల్లవర్తకులును చెరకుతోటల యజమానుల పక్షమువారును కూడబలుకుకొని, అమెరికా నావికాసైనికులు ఒడ్డున దిగియుండగా, ఆ రాణిని సింహాసనమునుండి దించివేసిరి. 1898లో అమెరికా ఆ దీవులను తనలో కలుపుకొనెను. 1959లో అవి ఆ దేశమునకు 50వ రాష్ట్రమయ్యెను. రాజుగారి ప్రజగా పుట్టి, పరుల యేలుబడిలో పెరిగి, అమెరికా పౌరుడుగా కన్నుమూసినవాడు మన కథానాయకుడు. ఈ సంగతి మరువక చదివిననే తక్కిన కథ అర్థమగును.

డ్యూక్ అనునది ఇంగ్లీషువారి బిరుదు. దానిని చూచి ఈయన ఏదో ప్రభువంశమువాడని భ్రమపడినవారు ఆ దినములలో పెక్కురు. నిజమేమనగా 1869లో విక్టోరియా రాణి కుమారుడగు ఎడింబరో డ్యూకు హోనలూలు దర్శింపగా, ఆ జ్ఞాపకార్థము రాజవంశపు ఆడపడుచైన బెర్నీస్ పౌఆహి అను ఆమె ఈయన తండ్రికి ఆ పేరు పెట్టినది. తండ్రిపేరే పెద్దకొడుకునకు వచ్చినది. మనవైపు దొరబాబు అను పేరున్నట్లే ఇదియు. తండ్రి పోలీసుశాఖలో చిన్న యుద్యోగి. తల్లి జూలియా దైవభక్తి కలది. ఆరుగురు కొడుకులు, ముగ్గురు కూతుండ్రు. వైకీకీ సముద్రతీరమున తల్లి పుట్టింటివారి నేలపై ఆ కుటుంబము వసించెను. ఇంటిముందు ఇసుక, ఇసుకకావల కడలి. పిల్లలకు వేరు ఆటస్థలము అక్కరలేకపోయెను. డ్యూక్ బడిచదువు పూర్తి కాలేదు. ఇంటికి సాయముగా ఏదో ఒక పని చూచికొనవలసి వచ్చెను.

ఇక అలపలకను గూర్చి కొంత చెప్పవలెను. తీరమునకు దూరముగా పోయి, పొడవైన కొయ్యపలకపై బోర్లపడుకొని వేచియుండి, వెనుకనుండి పెద్ద అల లేచి వచ్చునప్పుడు చేతులతో నీటిని త్రోసి దాని వేగమునందుకొని, అంతట పలకపై నిటారుగా లేచి నిలిచి, అలతోపాటు ఒడ్డునకు సాగివచ్చుట ఆ దీవులవారి ప్రాచీన విద్య. దానిని వారి భాషలో హేఎ నలు అందురు. అలపై జారుట అని అర్థము. రాజులును రాణులును సామాన్యులును అందరును ఆడిన ఆట అది. 1778లో ఇంగ్లండునుండి కుక్కు నాయకుని ఓడలు వచ్చిన తరువాత ఆ దీవులలో ఎన్నడు నెరుగని రోగములు వ్యాపించి జనము నానాటికి క్షీణించెను. 1820లో వచ్చిన క్రైస్తవ మతబోధకులు ఈ ఆటను సోమరితనమనియు అనాచారమనియు నిరసించిరి. డ్యూక్ పుట్టుననాటికి అలపలక ఎక్కువారు మిగుల తగ్గిపోయిరి. ఒక జాతి తన రాజ్యమును పోగొట్టుకొనుట ఒక యెత్తు. తన ఆటను మరచుట మరియొక యెత్తు. రెండవ నష్టము చరిత్రకారుల పట్టికలకెక్కదు.

వైకీకీ యువకులు ఆ నష్టమును పూడ్చిరి. వారిలో డ్యూక్ ముఖ్యుడు. అతడును మిత్రులును కలిసి అలల సంఘమని అర్థము వచ్చు హూయి నలు అను కూటమిని నెలకొల్పుకొనిరి. పూర్వుల పద్ధతి ననుసరించి అతడు కోఆ అను చెట్టుకొయ్యతో చేయించుకొనిన పలక పొడవు 16 అడుగులు, బరువు 114 పౌనులు, అనగా దాదాపు 52 కిలోలు. ఈ కోఆ మన తుమ్మకు దూరపు చుట్టము. అంతటి పలకను ఇసుకమీద మోసికొనిపోవుటయే ఒక వ్యాయామము. అలపై దానిని త్రిప్పుట మాట వేరుగ చెప్పనేల! 1917లో ఒక దినమున వైకీకీ వద్ద ఒకే అలపై మైలునకు మించిన దూరము వచ్చెనని చెప్పుదురు.

1911 ఆగస్టు 11వ తేదీని హోనలూలు రేవులో, రెండు ధక్కాల నడుమనున్న ఉప్పునీటిలో, అమెరికా ఔత్సాహిక క్రీడాసమాఖ్య పక్షమున ఈతపోటీలు జరిగెను. డ్యూక్ 100 గజముల దూరమును 55.4 సెకండ్లలో ఈదెను. అంతవరకు లెక్కకెక్కియున్న ప్రపంచపు మేటి వేగముకంటె ఇది నాలుగున్నర సెకండ్లకు పైగా తక్కువ. ఈతలో ఒక సెకండునకు వ్యవహారమంతయు తారుమారగును గదా, నాలుగున్నర యనగా ఎవ్వరు నమ్ముదురు? న్యూయార్కునందలి అధికారులు నమ్మలేదు. హోనలూలువారు నిద్రలేపు గడియారములతో కాలము లెక్కించిరా యని ఎగతాళి చేసిరి. తరువాత రేవులోని నీటిపోటు అతనిని ముందునకు నెట్టియుండుననిరి. దూరమును మరల మరల కొలిచి చూచిన కొలతలో తప్పు కనబడలేదు. అయినను ఆ వేగమును వారు అంగీకరింపలేదు. కొలత తప్పినదని యనువాడు తానే గొలుసు పట్టి కొలిచి చూపవలెనని మా వృత్తిలో ఒక మర్యాద కలదు. దూరమున కూర్చుండి కాదనుట సులభము.

హోనలూలు ప్రజలు చందాలు వేసికొని అతనిని అమెరికా ప్రధానభూమికి పంపిరి. వెచ్చని సముద్రమున పెరిగినవానికి చలిదేశపు నీరు ఎట్లుండునో తెలియదు. పిట్స్‌బర్గు నగరమున ఈదుచుండగా కాళ్ళు కొంకరలుపోయి నడుమనే ఆగిపోవలసివచ్చెను. ఎగతాళి చేసినవారికి అది పండుగ యైయుండును. కాని కొద్ది దినములలోనే అతడు తేరుకొని, ఫిలడెల్ఫియాలో జరిగిన పరీక్షలో గెలిచి ఒలింపిక్ జట్టున చేరెను. అతని బలమంతయు పాదములయందుండెను. చేతులు చాచి నీటిని లాగికొనుచు, మోకాళ్ళను ఎక్కువగా వంచక, పెద్ద పాదములను వేగముగా పైకి క్రిందికి ఆడించుచు పోవు ఆ తీరు చూచువారికి వింతగా తోచెను. గురువు నేర్పిన విద్య కాదది, తీరమున నేర్చినది.

1912లో స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమ్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో ఒక సంఘటన కలదు. దానిని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాసితినన్నను దోషము లేదు. 100 మీటర్ల స్వేచ్ఛా ఈతలో తొలిపందెములు గెలిచిన పిదప, వేళను గూర్చిన పొరపాటువలన డ్యూకును తక్కిన అమెరికా ఈతగాండ్రును ఉపాంత్యపందెమునకు రాకపోయిరి. నియమము ప్రకారము వారి కథ అంతటితో ముగిసినదే. అప్పుడు ఆస్ట్రేలేసియా జట్టునకు చెందిన సెసిల్ హీలీ యనువాడు వారి పక్షమున నిలిచెను. డ్యూక్ లేకున్న బంగారు పతకము తనకే దక్కు అవకాశము మెండని ఎరిగియు, ఆ లేమితో గెలిచిన గెలుపు గెలుపు కాదని తలచి, అమెరికావారికి మరియొక అవకాశమీయవలెనని పట్టుపట్టెను. వారికొరకు వేరుగా ఒక పందెము నడపిరి. డ్యూక్ అందు నెగ్గి, తుదిపందెమున 1 నిమిషము 3.4 సెకండ్లలో ఈది బంగారు పతకము గెలిచెను. రెండవవాడుగా వచ్చినది హీలీయే. నాలుగింట 200 మీటర్ల జట్టుపందెమున బంగారు పతకము హీలీ ఉన్న జట్టునకును, వెండిపతకము డ్యూక్ ఉన్న జట్టునకును వచ్చెను. తనకు రాదగినదానిని తానై వదలుకొనినవారి కథలు మన భారతమున కర్ణుని మొదలుగా కొన్ని కలవు. హీలీ పేరు మాత్రము మనవారికి తెలియదు. మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమున చేరి 1918 ఆగస్టులో ఫ్రాన్సు రణరంగమున అతడు మరణించెను.

హీలీ దేశమునకు డ్యూక్ ఋణము తీర్చుకొనెననవచ్చును. అక్కడి ఈతసంఘమువారి ఆహ్వానముపై 1914 చివర అతడు ఆస్ట్రేలియా వెళ్ళెను. మనకు చలికాలమైనప్పుడు వారికి నడివేసవి. పలక తీసికొనిపోలేదు కావున, సిడ్నీలో దొరకిన దేవదారుజాతి కొయ్యతో తానే దగ్గరుండి ఒక పలక చేయించుకొని, ఆ డిసెంబరులో ఫ్రెష్‌వాటర్ అను తీరమున అలలపై లేచి నిలిచెను. చూడవచ్చిన జనులు నివ్వెరపోయిరి. కొన్ని దినములకు ఇసబెల్ లెథమ్ అను పదునైదేండ్ల బాలికను తన పలకమీద నిలుపుకొని అలపై తీసికొనివచ్చెను. ఆ దేశమున ఈ విద్య ఇంతగా ప్రబలుటకు ఆ వేసవియే ముఖ్యకారణము. ఆ పలక నేటికిని ఆ తీరపు రక్షకసంఘమువారి యొద్ద భద్రముగా కలదు. 1915లో న్యూజిలండునందును తన విద్యను ప్రదర్శించెను.

యుద్ధమువలన 1916 ఒలింపిక్స్ జరుగలేదు. ఈతగానికి ఇరువది యారేండ్లనగా పంటకు శ్రావణమాసము వంటిది. ఆ వాన కురియకయే పోయెను. 1920లో బెల్జియమునందలి ఆంట్‌వెర్ప్ పోటీల నాటికి అతనికి ముప్పదేండ్లు. ఊరి పాత కోటకందకమున నేర్పరచిన చల్లని నల్లని నీటిలో, సరిగా తన పుట్టినదినమునాడు, 100 మీటర్లను 1 నిమిషము 0.4 సెకండ్లలో ఈది ప్రపంచపు మేటివేగమును నెలకొల్పెను. ఒక ఆస్ట్రేలియా ఈతగాడు తన దారికి మరియొకడు అడ్డమువచ్చెనని ఫిర్యాదు చేయగా పందెమును మరల నడపిరి. డ్యూక్ మారుమాటలేక మరల ఈది మరల గెలిచెను. మొదటి మూడు స్థానములును హవాయివారికే వచ్చెను. జట్టుపందెమునను బంగారు పతకము లభించెను.

1924 పారిస్ పోటీలలో ముప్పది నాలుగవయేట అడుగిడనున్న డ్యూకునకు ఎదురుగా ఇరువదేండ్ల జానీ వైస్‌ముల్లర్ నిలిచెను. బంగారు పతకము ఆ యువకునిదయ్యెను, డ్యూక్ రెండవవాడు, అతని తమ్ముడు శామ్యూల్ మూడవవాడు. ఓడినవాడు గెలిచినవానిపై అసూయ పడలేదు. తరువాతి కాలమున ఆ వైస్‌ముల్లర్ చలనచిత్రములలో టార్జాన్ వేషముతో లోకమంతట ప్రసిద్ధుడయ్యెను. డ్యూకును ఆ కాలమున లాస్ ఏంజిలిస్‌లో వసించి చిత్రములందు నటించెను. కాని ఒకే నీటిలో ఈదిన ఇద్దరిలో తెల్లవానికి నాయకవేషము, నల్లనిచాయవానికి కోయదొర వేషము, సేవకుని వేషము. కొన్నియెడల భోజనశాలలలో మేనిచాయ చూచి వడ్డింపమనిన సందర్భములు కూడ కలవు. అతడు వీనిని గూర్చి రచ్చ చేయలేదు. ఆ ఓర్పును కొందరు మెత్తదనమందురు, నేనట్లనుకొనను.

మెత్తదనము కాదనుటకు 1925 జూన్ 14వ తేదీ సాక్షి. ఆ యుదయమున కాలిఫోర్నియాలో న్యూపోర్టు రేవుముఖమునొద్ద సముద్రము అల్లకల్లోలముగా నుండెను. చేపలవేటకు పోయిన థెల్మా అను పడవ రేవులోనికి రాబోవుచు పెనుకెరటము తగిలి తలక్రిందులయ్యెను. ఒడ్డున డ్యూకును అతని మిత్రులును ఉండిరి. పడవ త్రిప్పుటకు వీలులేని ఆ నీటిలోనికి అతడు తన పలకతో దూకెను. కెరటములను చీల్చుకొనిపోయి, మునిగిపోవుచున్నవారిని పలకపై కెక్కించి ఒడ్డున చేర్చి, ఊపిరి తీసికొనకయే మరల పోయెను. అట్లు పలుమార్లు పోయి వచ్చి ఎనిమిది ప్రాణములను తానొక్కడే కాపాడెను. తోటివారిరువురు మరి నలుగురిని రక్షించిరి. అందనివారు కొందరు నీటిపాలైరి. అంతవరకు వినోదసాధనమనుకొనిన అలపలక ఆ తరువాత తీరరక్షకులకు ప్రాణరక్షణసాధనమయ్యెను. పతకములు ఐదు గెలిచినాడు, మూడు బంగారువి, రెండు వెండివి. ఆ యెనిమిదింటి ముందు ఈ యైదు నాకు తేలికగా తోచును.

ఇంతటివాడు సుఖముగా బ్రదికెనా యని చదువరులు అడుగవచ్చును. ఇక్కడనే నా కలము కొంచెము బరువెక్కుచున్నది. ఆ కాలపు నియమము ప్రకారము ఈతవలన ఒక కాసు ఆర్జించినను ఒలింపిక్స్‌లో పాల్గొనుటకు అర్హత పోవును. కావున ప్రపంచవిజేత రేవులో బరువులు మోయుచు, ఇండ్లవెంట తిరిగి నీటి మీటర్లు చూచుచు, భూమి కొలుచువారికి సాయము చేయుచు బ్రదికెను. అతని చిత్రమును చూపి హవాయికి యాత్రికులను రప్పించుకొని ఓడలవారును వసతిగృహములవారును ధనవంతులైరి. పెట్టుబడి అతని పేరు, లాభము పరులది. లెక్కలు వ్రాయువానికి ఈ పద్దు ఎట్లు వేసినను సరిపడదు. హోనలూలు తిరిగివచ్చిన పిదప పెట్రోలు అంగడి నడపెను. నగరకార్యాలయ భవనమునకు పర్యవేక్షకుడుగా నుండెను. 1930 తరువాత ప్రజలు అతనిని హోనలూలు షెరీఫుగా ఎన్నుకొనిరి. చెరసాలను చూచుట, న్యాయస్థానపు తాకీదులు అందజేయుట మున్నగునవి ఆ యుద్యోగపు పనులు. వరుసగా 13 పర్యాయములు గెలిచి 1961లో ఆ పదవి రద్దగువరకు అందే యుండెను. అనంతరము రాష్ట్రమునకు వచ్చు అతిథులకు పూలమాల వేసి స్వాగతమిచ్చు గౌరవపదవి లభించెను. 1966లో ఇంగ్లండు రాణిగారి తల్లి విమానము దిగినప్పుడు ఆమెచేత హులా నాట్యము రెండడుగులు వేయించెనట! రాజ్యము పోగొట్టుకొనిన జాతివాడు ఏ జంకును లేక రాణితల్లితో ఆడిన ఆ దృశ్యమును తలచుకొని నేను చాలసేపు నవ్వుకొంటిని.

1940లో నాట్యోపాధ్యాయినియగు నాడీన్ అలెగ్జాండరును వివాహమాడెను. వారికి సంతానము లేదు. 1965లో అంతర్జాతీయ ఈతగాండ్ర కీర్తిమందిరమునను, మరుసటి యేట అలపలకవారి కీర్తిమందిరమునను అతని పేరు చేర్చిరి. రెండింటియందును స్థానము పొందిన మొదటివాడతడే. 1965లోనే అతని పేర అలపలక పోటీలు ఆరంభమయ్యెను. అప్పటికి దేహము సడలినది. గుండెజబ్బు వచ్చెను, మెదడునకు శస్త్రచికిత్స జరిగెను. 1968 జనవరి 22వ తేదీని వైకీకీ తీరమున నావికాక్రీడాసంఘపు ఆవరణమున గుండె యాగి కన్నుమూసెను. వయస్సు 77 సంవత్సరములు. తీరమున జనము క్రిక్కిరిసి నిలువగా, పడవలు బారులు తీరి కడలిలోనికి పోయి అతని చితాభస్మమును వైకీకీ అలలలో కలిపివచ్చెను.

1990లో వైకీకీ ఒడ్డున అతని కంచువిగ్రహము నిలిపిరి. వెనుక నిలువుపలక, రెండు చేతులు చాచి పిలుచుచున్న భంగిమ. ఆ చేతులకు జనులు పూలమాలలు వ్రేలాడదీయుదురు. విగ్రహము ముఖము వీధివైపునకును వీపు సముద్రమువైపునకును ఉన్నది. కడలి నెరిగినవాడు కడలికి వీపు చూపడని అక్కడి పెద్దలు అప్పుడే ఆక్షేపించిరి. వారి పక్షమే న్యాయమని నా అభిప్రాయము.

అలపలక ఆటకు ఒలింపిక్స్‌లో స్థానము కలుగవలెనని డ్యూక్ చిరకాలము కోరియుండెను. ఆ స్థానము 2021లో జపానునందు జరిగిన టోక్యో పోటీలలో కలిగినది. స్త్రీల బంగారు పతకము హోనలూలులో పుట్టిన కరిస్సా మోర్ అను యువతికి వచ్చెను.